పనిలేని ప్రయాణము



స్త్రీ గడప దాటి బయలుదేరినప్పుడు ఇంటివారు గాని, ఇరుగుపొరుగువారు గాని యడుగు ప్రశ్న యొకటే: "ఏ పనిమీద పోవుచున్నారు?" పెండ్లియైనచో నది పని. పురుడైనచో నది పని. పరామర్శ, మ్రొక్కుబడి, వైద్యశాల, పిల్లల బడి, ఇవన్నియు పనులే. వీనిలో నేదియు గాక "ఆ యూరు చూడవలెనని పోవుచున్నాము" అని చెప్పినచో, తాము సరిగా వినలేదేమో యని యడిగినవారు మఱల నొకమాఱు అడుగుదురు.

మన పురాణములలోను తీరు ఇదియే. సీత యరణ్యమునకు భర్తవెంట నేగెను. శకుంతల తన్ను మఱచిన భర్తకడకు హస్తినాపురము పోయెను. దమయంతి నలుని వెదకుచు నడవులలో తిరిగెను. సావిత్రి కొంత మేలు. తండ్రి పంపగా, వృద్ధమంత్రులు తోడురాగా, బంగారు రథమెక్కి తపోవనములను చూచివచ్చినట్లు భారతము చెప్పుచున్నది. ఐనను ఆమెకును వరుని వెదకుకొను పని యుండెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరినది యాత్రార్థమే. కాని దారిపొడుగున నూళ్ళను, బాటలను, అంగళ్ళను, మంచినీటి వసతులను చూచి వ్రాసియుంచిరి. ఆ వ్రాత 1838లో గ్రంథమై నేటికిని మనకు పనికివచ్చుచున్నది. స్త్రీలలో పోతం జానకమ్మగారు 1873లో ఇంగ్లండునకు పోయి, తాము చూచినదానిని వ్రాసిరి. 1876లో ఆ వ్రాత యాంగ్లమున గ్రంథముగా వెలువడెను. చూచుట యనునది కూడ నొక పనియే యని వీరిరువురును మనకు చూపిరి.

కాశియు నింగ్లండును మనబోటి బడిపంతులుగారి యిండ్లవారికి దూరములు. నెలజీతములో బియ్యము, పాలు, అద్దె, పిల్లల జీతములు పోగా మిగులునది చేతికి రాకముందే లెక్కకు వచ్చును. ఐనను ప్రతి నగరము చుట్టును ఉదయమున పోయి సాయంకాలమునకు తిరిగి రాదగిన యూళ్ళు కలవు. హైదరాబాదునుండి యట్లు చూచిరాదగిన రెండూళ్ళను గూర్చి ఈ మాసమున వ్రాయదలచితిమి. అవి భువనగిరి, పోచంపల్లి. రెండును యాదాద్రి భువనగిరి జిల్లాలోనివే. ఈ జిల్లా 2016లో నల్గొండ జిల్లానుండి వేఱై యేర్పడినది.

మొదట ఖర్చు సంగతి. తెలంగాణములో 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకము క్రింద స్త్రీలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రములోపల నెంత దూరమైనను ఛార్జీ లేక పోవచ్చును. నివాసమును తెలుపు గుర్తింపుకార్డు చూపినచో కండక్టరు సున్న రూపాయల టికెట్టు నిచ్చును. ఇంతకుముందు "అంత ఛార్జీ పెట్టి ఏమి చూడబోవుదుము?" అని మనకు మనమే చెప్పుకొనుచుంటిమి. ఆ మాట కిప్పుడు చోటు లేదు. ఇక మిగిలినది "ఏ పనిమీద?" అను మాట యొక్కటే. అది బస్సువారు తీర్పగలిగినది కాదు, మనమే తీర్చుకొనవలెను.

మేమును, పదుమూడవ యేట నున్న మా యమ్మాయియు, మా పొరుగున నుండు వదినగారును కలిసి యొక శనివారము బయలుదేరితిమి. వదినగారికి ఏబదియైదేండ్లు దాటినవి. మాకు రక్తసంబంధము లేదు. పదేండ్ల పొరుగువలన కుదిరిన వరుస. ఆమె యిరువది యేండ్లలో యాదగిరిగుట్టకు లెక్కలేనన్ని మాఱులు పోయియుండెను. పోయిన ప్రతిమాఱును దారిలో భువనగిరి బండ కనబడును. "అబ్బ, ఎంత పెద్ద బండ!" యని బస్సు కిటికీనుండి చూచుటయే కాని, ఒక్కమాఱైనను దిగి యెఱుగదు. దిగుటకు పనియేమి కలదు?

ఇంటి యేర్పాటు కష్టమని తలపవలదు. ముందురాత్రియే చింతపండు నానబెట్టి పులుసు దించియుంచితిమి. తెల్లవాఱుజామున పులిహోరయు పెరుగన్నమును కలిపి, సగము ఇంటివారికి, సగము మాకు సర్దితిమి. మావారు బడిలో నలువదిమంది పిల్లలను అదుపులో నుంచువారు. ఇంటిలో నొక్క పిల్లవానిని ఒక దినము చూచుకొనలేనా యని వారే యనిరి. ఆ మాట వారి నోటనే వచ్చుట మంచిదని మేము మఱియొక మాట కలుపలేదు.

ఉప్పల్ కూడలిలో ఉదయము ఆఱున్నరకు బస్సు దొరకెను. యాదగిరిగుట్టకు పోవు బస్సగుటచే స్త్రీలతో కిక్కిరిసి యుండెను. ఘట్‌కేసరు దాటినపిమ్మట బీబీనగరునొద్ద ఎయిమ్స్ వైద్యశాలకు పోవువారు కొందఱు దిగిరి. భువనగిరిలో ఉద్యోగస్తులు, కూరగాయల గంపలవారు దిగిరి. ఊరు చూచుటకు దిగినవారము మేము ముగ్గురమే. నగరమునుండి దూరము సుమారు ఏబది కిలోమీటర్లు, గంటన్నరలో చేరితిమి. రైలునందు ప్రీతి గలవారు సికింద్రాబాదునుండి కాజీపేటవైపు పోవు ప్యాసింజరు బండిలోను రావచ్చును. భువనగిరి యాదారిలోని స్టేషనే.

కోటకు స్వల్పమైన ప్రవేశరుసుము కలదు. ఎండ ముదురకముందే యెక్కుట మంచిది. పైన చెట్టునీడ దొరకదు, నీరు మనమే తీసికొనిపోవలెను. కొండ యనుటకంటె బండ యనుటయే సరి. ఏనుగు పండుకొన్నట్లున్న యొకే రాయి, ఐదువందల యడుగుల యెత్తు. మొదట మెట్లు, ద్వారములు, బురుజులు వచ్చును. పిమ్మట నున్నని రాతిమీద నడువవలెను. చీర కుచ్చిళ్ళు కొంత పైకి దోపుకొని, చెప్పులు చేతబట్టుకొని యెక్కుట మేలు. వానకాలమున రాయి జాఱును గనుక అప్పుడు పోవలదు.

కల్యాణి చాళుక్యులలో ఆఱవ విక్రమాదిత్యుడు 1076 మొదలు 1126 వఱకు రాజ్యము చేసెను. అతనికి త్రిభువనమల్లుడని బిరుదు. ఈ కోట యతడు కట్టించినదనియు, ఆ బిరుదునుబట్టి త్రిభువనగిరి యని పేరు వచ్చి, క్రమముగా భువనగిరి యయ్యెననియు చెప్పుదురు. ఆ రాజు నాస్థానమున బిల్హణుడు విక్రమాంకదేవచరితము వ్రాసెను. అతని యేలుబడిలోనే కల్యాణపురమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్య రచించెను. కావ్యమును పండితులే చదివిరి గాని, మితాక్షర మాత్రము ప్రతి యింటిలోనికిని వచ్చినది. సమష్టి కుటుంబపు టాస్తిలో కొడుకునకు పుట్టుకతోనే హక్కు కలదనియు, కూతునకు లేదనియు మన తాతల కాలమువఱకు నడచినది మితాక్షర సంప్రదాయమునుబట్టియే. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 1985–86 నాటి చట్టసవరణచేతను, దేశమంతటను 2005 నాటి సవరణచేతను కూతునకును పుట్టుకతో సమానమైన హక్కు వచ్చినది. తొమ్మిదివందల యేండ్ల వ్యవహారమిది. మా యమ్మాయి కీ సంగతి పాఠ్యపుస్తకములో వచ్చినను నోటికి మాత్రమే వచ్చియుండును. ఆ రాజు పేరు మోయుచున్న రాతిమీద కూర్చుండి వినినందున, "అయితే అమ్మమ్మకు రాలేదా?" యని యడిగెను. రాలేదని చెప్పితిమి. ఆ ప్రశ్న యొక్కటే మా ప్రయాణపు ఖర్చునకు సరిపోయినది.

ఈ బండకు మఱియొక ప్రసిద్ధి కలదు. ఇక్కడ రాళ్ళెక్కుట నేర్పు శిక్షణ జరుగుచుండును. నిజామాబాదు ప్రాంతపు పాకాల గ్రామమునకు చెందిన మలావత్ పూర్ణ యను గిరిజన బాలిక సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచు, పర్వతారోహణమునకు తొలిపాఠములు ఈ భువనగిరి రాతిమీదనే నేర్చెను. 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరమెక్కెను. అప్పటి కామెకు పదునాలుగేండ్లు నిండుటకు కొలది దినములు తక్కువ. ఆ శిఖరమెక్కిన బాలికలలో అంత చిన్నవయస్సుది అంతకుముందు లేదు. ఆమె తలిదండ్రులు వ్యవసాయపు కూలిపని చేసికొనువారు. బిడ్డను పంపునప్పుడు వారిని సయిత మెందఱు "ఏ పనిమీద?" అని యడిగియుందురో గదా!

వదినగారు సగము మెట్లు రాగానే యొక బురుజు నీడన కూర్చుండి, "మీరు పోయిరండి వదినా, నాకీ మోకాళ్ళతో నెందుకు?" అనెను. మేము బలవంతము చేయలేదు. మా యమ్మాయి ముందు, మేము వెనుక పైకి పోయి, కూలిన మహలు గోడలను, వాననీరు నిలుచు గుంటలను చూచుచుంటిమి. అర్ధగంటకు వెనుదిరిగి చూడగా వదినగారు చెప్పులు చేతబట్టుకొని, నాలుగడుగులకొకమాఱు నిలుచుచు వచ్చుచుండెను. పైకి వచ్చి ఏమియు మాటాడలేదు. క్రింద ఊరు, చెఱువు, పొలములు, బొమ్మల బండివలె పోవుచున్న రైలు కనబడుచుండెను. చాలసేపటికి "అదిగో, గుట్టకు పోవు బాట!" అనెను. ఇరువది యేండ్లు ఏ బాటనుండి ఈ బండను చూచెనో, ఆ బాటను ఇప్పుడు బండమీదనుండి చూచుచుండెను.

పదిన్నరకు దిగి యూరిలోనికి వచ్చితిమి. 1944లో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగిన యూరిది. నిజాము రాష్ట్రపు రైతుపోరాటమునకు బలము చేకూర్చిన సభ యది. అంగటివీథిలో మజ్జిగ త్రాగి, నీడగల యొక యరుగుమీద గృహిణి యనుమతితో కూర్చుండి పులిహోర తింటిమి. ఆమెకును కొంత పెట్టితిమి. ఆమె మాకు చల్లని నీళ్ళును మామిడికాయ ముక్కలును ఇచ్చెను. ఇంటినుండి తెచ్చుకొన్న యన్నము డబ్బు మిగుల్చుట మాత్రమే గాక, ఊరివారితో మాట కలుపుటకును మార్గమగును.

భువనగిరినుండి పోచంపల్లికి సుమారు ఇరువది కిలోమీటర్లు. బస్సు కొఱకు ముప్పావుగంట వేచియుండవలసి వచ్చెను. చేతిలో పుస్తకమో, కుట్టుపనియో యున్నచో వేచియుండుట భారము కాదు. చిన్నయూళ్ళ బస్సులు గడియారముకంటె ప్రయాణికులనే యెక్కువ కనిపెట్టుకొని యుండును గనుక, రెండూళ్ళకు మించి యొక దినమున పెట్టుకొనవలదని మా సలహా.

పోచంపల్లి పేరు మన చీరల పెట్టెలలోనే యున్నది గాని, ఆ పేరిటి యూరు మనలో చాలమంది చూడలేదు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ యెన్నుకొన్న ఉత్తమ పర్యాటక గ్రామములలో ఇదియు నొకటి. ఊరిలో నడచుచుండగా రంగు నూలు ఆరవేసిన దండెములును, ఇండ్లలోనుండి మగ్గపు చప్పుడును మీకు దారి చూపును. తలుపు తెఱచియున్న యింటియొద్ద నిలిచి, చూడవచ్చునా యని మర్యాదగా నడిగినచో లోనికి రమ్మందురు.

ఇక్కడి నేతలోని విశేషమేమనగా, గుడ్డ నేసినపిమ్మట అద్దకము వేయరు. నేయుటకు ముందే నూలునకు రంగు వేయుదురు. చీరలో ఏ పువ్వు ఎక్కడ రావలెనో ముందే లెక్కవేసి, నూలులో రంగు అంటకూడని చోటులను రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుదురు. కట్లు విప్పి, వేఱుచోట మఱల కట్టి, మఱియొక రంగులో ముంచుదురు. ఎన్ని రంగులో అన్ని మాఱులు. పిమ్మట కండెలకు చుట్టి మగ్గమున కెక్కింతురు. నాడె పోవునప్పుడు ఒక్కొక్క పోగును లెక్కతప్పక సరిపఱచినగాని పువ్వు పువ్వుగా రాదు. పడుగునకు గాని పేకకు గాని కట్టినచో నొక విధము. రెంటికిని కట్టినచో పని రెట్టింపు, వెలయు నట్లే. చీరాల తేలియా రుమాళ్ళ విద్యయే యీ ప్రాంతమునకు వచ్చి యిట్లు పెరిగినది. పాల్కురికి సోమనాథుడు తన కావ్యమున నానాటి వస్త్రముల పేర్లను వరుసగా చెప్పినచోట మేము చిన్నతనమున తండ్రిగారియొద్ద పాఠము చదువుచు, ఇన్ని గుడ్డల పేర్లు కవి కేల యని విసిగితిమి. ఆ కవి పాలకుర్తి యీ జిల్లాకు పొరుగుననే కలదు. మగ్గముల నడుమ పెరిగిన కవికి గుడ్డపేరు పువ్వుపేరువలె వచ్చుట సహజమని యిప్పుడు తోచెను.

మేము పోయిన యింటిలో భర్త గుంటమగ్గముమీద నేయుచుండెను. ఇల్లాలు గోడవార నొక చట్రముముందు కూర్చుండి ఆసు పోయుచుండెను. ఆసు అనగా, అర్ధచంద్రాకారముగ మేకులు పాతిన చట్రము; ఎదుట వేఱొక మేకు. ఆ మేకునుండి పోగును కొనిపోయి వరుసలోని యొక్కొక్క మేకునకు తగిలించి మఱల తేవలెను. ఇట్లొక చీరకు సుమారు 9000 మాఱులు చేయి పోవలెను, రావలెను. నాలుగైదు గంటల పని. నేతయిండ్లలో తరతరములుగా ఇది స్త్రీల పనియే. చీరకు ఖ్యాతి నేసినవానిపేర వచ్చును. భుజమునొప్పి ఆసు పోసినదానికి వచ్చును.

ఈ నొప్పికి విరుగుడు కనుగొన్నవాడు ఈ జిల్లాలోని ఆలేరు దగ్గఱ శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశంగారు. తల్లి లక్ష్మమ్మగారు ఆసు పోసి పోసి చేయి యెత్తలేక బాధపడుట చూచి, చదువు ఆఱవ తరగతితో ఆగిన ఆ యువకుడు 1992లో యంత్రము చేయ బూనెను. అప్పులు, ఎగతాళి, అపజయములు అన్నియు దాటి 1999 నాటికి యంత్రము పూర్తిచేసెను. దానికి తల్లిపేర లక్ష్మీ ఆసు యంత్రమని పేరిడెను. గంటల పని గంటన్నరలో తీరునట్లాయెను. 2017లో ప్రభుత్వమువారు పద్మశ్రీ యిచ్చిరి. తల్లి భుజమును చూచి బాధపడు కొడుకులు పెక్కురు కలరు. ఏడేండ్లు ఆ బాధను విడువక పట్టుకొన్నవాడు మాత్రము అరుదు. యంత్రము కొనలేని యిండ్లలో నేటికిని చేతి యాసే నడచుచున్నది. మేము చూచిన యిల్లాలిది చేతి యాసే.

వదినగారు బేరమాడుటలో మా వీథికి పెద్ద. ఒక పట్టుచీర వెల విని, నగరములో నింతకు సగమునకే దొరకునని మొదలుపెట్టెను. ఇల్లాలు కోపింపలేదు. తన చోటినుండి లేచి, "ఒకసారి కూసొని తిప్పి చూడక్కా, నీకే తెలుస్తది" అనెను. వదినగారు నవ్వుచు కూర్చుండెను. ఇరువది, ముప్పది పోగులు తిప్పెను. కోటమెట్లెక్కిన కాళ్ళకంటె చేయియే ముందు సొలసెను. "ఇట్ల ఎన్ని?" అని యడిగి, వినినపిమ్మట బేరము మఱల నెత్తలేదు. పట్టుచీర కొనుటకు ఆమెయొద్ద డబ్బు లేదు, మాయొద్దను లేదు. 250 రూపాయలకు నూలు రవికగుడ్డ యొకటి, చెప్పిన వెలకే కొనెను. ఇల్లాలు దానిని మడత పెట్టి యిచ్చుచు, "మంచిగ కుట్టించుకో అక్కా" అనెను.

నగరములో సగము వెలకు దొరకునది చాలమాఱులు యంత్రముపై ముద్రించిన పోలిక మాత్రమే. గుఱుతుపట్టుట కష్టము కాదు. చేనేత చిత్రము గుడ్డకు రెండువైపులను ఒకేతీరుగ కనబడును. ముద్రించినదానికి వెనుకవైపు రంగు వెలిసినట్లుండును. నేతలో పువ్వు అంచులు నీటిలో నీడవలె కొంచెము చెదరియుండును. గీత గీసినట్లు తీర్చియున్నచో ననుమానింపవలెను. చేనేత గుఱుతు, పట్టునకైనచో సిల్కుమార్కు, ఉన్నవేమో చూడవలెను. పోచంపల్లి ఇక్కత్తు మన దేశమున భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి వస్తువులలో నొకటి. ఆ పేరు పెట్టి పోలిక గుడ్డ అమ్ముట న్యాయము కాదు. పోలిక గుడ్డను కట్టుట తప్పని మేమనము. బీదయిండ్లలో అదియును కావలసినదే. దాని వెలను చూపి నిజమైనదాని వెలను తగ్గింపుమనుట మాత్రము న్యాయము కాదు.

బస్సునకు కొంత సమయముండగా వినోబాగారి స్మారకమందిరము చూచితిమి. 1951లో హైదరాబాదు దగ్గఱ శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగినపిమ్మట వినోబా భావే కాలినడకను తెలంగాణపు పల్లెలు తిరుగుచు ఏప్రిలు 18వ తేదీన ఈ యూరు చేరెను. భూమిలేని హరిజన కుటుంబములవారు తమకు 80 యెకరములున్నచో బ్రతుకుదుమని చెప్పిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 యెకరములు తామిత్తుమనిరి. భూదానోద్యమ మా మాటతో మొదలయ్యెను. ఊరికి భూదాన పోచంపల్లి యని పేరు వచ్చెను. వినోబాకు ఆ దినమున ఆ యూరిలో ముందుగా నిర్ణయించుకొన్న పనియేదియు లేదు. జనులను చూచుటకు, వారి మాట వినుటకు వచ్చెను. పని యక్కడనే పుట్టెను.

సాయంకాలము అయిదు గంటలకు పోచంపల్లినుండి నగరమునకు నేరుగా పోవు బస్సెక్కి, దీపాలు పెట్టువేళకు ఇల్లు చేరితిమి. లెక్క యిది: బస్సులకు సున్న. కోట ప్రవేశము, మజ్జిగ, అరటిపండ్లు, రెండుమాఱులు టీ, ఒక ఆటో, అన్నియు కలిపి ముగ్గురికి 310 రూపాయలు. వదినగారి రవికగుడ్డ వేఱు. ఇంటిలో మిగిలిన పులిహోర తండ్రీకొడుకులు మధ్యాహ్నమునకే ముగించి, సాయంకాలమునకు ఉప్మా చేసికొనిరి. ఉప్మాలో ఉప్పు కొఱతగా నుండెనట. ఎవరికిని ప్రమాదము లేదు.

ఇట్లు పోదలచిన సోదరీమణులకు కొన్ని మాటలు. ఒంటిగా పోవుటకు సంకోచమున్నచో ఇద్దఱు ముగ్గురు కలిసి పొండి. పదిమంది మాత్రము వలదు, పదిమందియైనచో పెండ్లివారగుదురు గాని చూచువారు కారు. గుర్తింపుకార్డు, నీళ్ళు, గొడుగు, మందు వేసికొనువారు మందు, చిల్లరడబ్బులు మఱువవలదు. తిరుగు బస్సు వేళను దిగిన వెంటనే యడిగి తెలిసికొనవలెను. ఒక ఆడపిల్లనైనను వెంట తీసికొనిపొండి. మనము చెప్పునది ఇంటిలోకంటె అక్కడ బాగుగ వినును. భువనగిరి, పోచంపల్లి చూచినవారు వేఱొక దినమున ఆలేరు దగ్గఱి కొలనుపాకకు పోవచ్చును. అక్కడ జైనుల ప్రాచీనాలయమును, సోమేశ్వరాలయమును కలవు. వీరశైవుల రేణుకాచార్యుడు ఆ సోమేశ్వర లింగమునుండియే యుద్భవించెనని వారి నమ్మకము. హైదరాబాదునకు దూరమున నున్నవారికి తమ తమ పట్టణముల చుట్టును ఇట్టి యూళ్ళు తప్పక యుండును. విజయవాడవారికి కొండపల్లియు మంగళగిరియు, రాజమహేంద్రవరమువారికి ద్రాక్షారామము, ఓరుగల్లువారికి పాలంపేట కలవు.

పోయివచ్చినవారు తాము చూచినదానిని, అయిన ఖర్చును, ఇంటివారేమనిరో దానిని మాకు వ్రాసినచో, తగినవానిని రాబోవు సంచికలలో ఈ పుటలో ప్రకటింతుము. "ఏ పనిమీద?" అని యెవరైన నడిగినచో "చూచుటకు" అని చెప్పుడు. మొదటిమాఱు వారికి వింతగా నుండును. రెండవమాఱు తామును వత్తుమని యడుగుదురు. మా వదినగారు నిన్ననే కొలనుపాక బస్సు వేళలు కనుగొనివచ్చిరి.